మంగళవారానికి మారిన మీటింగు

పేటలో జనం ఆరోగ్య సమస్యలు వినడానికి అధికారులు బుధవారం పెట్టిన మీటింగు మంగళవారానికి మారిందని గిజెలాకు సోమవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. జిల్లా ఆరోగ్యశాఖ డాక్టరుగారికి బుధవారం వేరే పని పడిందట. కనీసం ముప్పై మందినైనా కూర్చోబెట్టాలని, మాట్లాడగలిగినవాళ్లయితే మరీ మంచిదని మీటింగు నడిపే ఆవిడ చెప్పింది. ఆవిడ గొంతు ఎప్పుడూ పుట్టినరోజుకు పిలుస్తున్నట్టే ఉంటుంది.

గిజెలా ఆరోగ్య కార్యకర్త. స్లొవాకియా తూర్పు కొండల్లో, ఊరికి రెండు కిలోమీటర్ల పైన ఉన్న, ఊరివాళ్లు జిప్సీలనే రోమాల పేటలోనే పుట్టింది, అక్కడే పని చేస్తోంది. టీకాల రోజు గుర్తుచెయ్యడం, డాక్టరు రాసిన చీటీ చదివి చెప్పడం, కడుపుతో ఉన్నవాళ్లను పరీక్షలకు వెంటబెట్టుకెళ్లడం ఆమె పని. పేటలో ఉన్న నాలుగువందల మందికీ, కింద ఉన్న ఆస్పత్రులకూ మధ్య తిరిగే మనిషి ఆమె ఒక్కతే.

తలకు రుమాలు బిగించుకుని ఇంటింటికీ బయల్దేరింది. మార్చి నెల. మంచు కరిగి బాటంతా అడుసుగా ఉంది. రెండేళ్లలో ఇది నాలుగో మీటింగు. పిలుపు వినగానే జనం మొహాలు తిప్పుకుంటున్నారు. ఒకతను కట్టెలు కొట్టుకోవాలన్నాడు. ఒకామె తనకు జబ్బేమీ లేదంది, దగ్గుతూనే. ఇర్మా అత్త మాత్రం గడపలో అడ్డంగా నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పోయినసారి ఏమిచ్చారే? చేతులు కడుక్కోమని బొమ్మల కాయితం ఇచ్చారు. గోడకు అంటించుకున్నా, బానే ఉంది. నాలుగొందల మందికి ఒక్క పంపు. నా వంతు వచ్చేసరికి ఏం కడుక్కోవడానికి వచ్చానో నాకే గుర్తుండట్లేదు."

"ఈసారి పెద్ద డాక్టరమ్మ వస్తోంది అత్తా. బీమా ఆఫీసాయన కూడా వస్తున్నాడు. బండి సంగతి తేల్చేది ఆయనే."

బండి అనగానే ఇర్మా అత్త చేతులు దించింది. ఆ బండి ఎవరి కోసమో పేటలో తెలియనివాళ్లు లేరు. వస్తాలే అంది.

బండి గిజెలా తమ్ముడు దెజిదెర్ కోసం. అందరికీ దేజో. ప్రాగ్‌లో తొమ్మిదేళ్లు రోడ్లు వేసే పనిలో రాళ్లు పరిచినవాడు. ముప్పై ఐదో ఏట రెండు మూత్రపిండాలూ చెడిపోయి ఇంటికొచ్చాడు. మూడేళ్లుగా మంగళ, గురు, శనివారాల్లో జిల్లా పట్నంలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. రోగుల్ని తీసుకెళ్లే బండి అందరికీ గుమ్మం దాకా వస్తుంది. దేజోకి మాత్రం కింద ఊళ్లో కిరాణా కొట్టు దాకానే వస్తుంది, తెల్లవారి ఐదున్నరకు. అక్కడికి చేరాలంటే అతను నాలుగింటికే బయల్దేరాలి. ఈ చలికాలంలో నాలుగుసార్లు పడ్డాడు. ఒకసారి పెదవి చీరుకుపోయి, రక్తం కారుతూనే బండెక్కాడు.

గిజెలా అడగని చోటు లేదు. బండి కంపెనీ వాళ్లు ఇంటికి నంబరు లేదన్నారు. నంబరు ఇవ్వాల్సిన ఊరి మేయరు, పేట ఉన్న స్థలం ఎవరిదో తేలలేదన్నాడు. తేల్చాల్సిన ఆఫీసు వాళ్లు రెండేళ్లుగా జవాబు రాయలేదు. ఎంత రాసినా కాగితంలో దేజో కనిపించడని ఆమెకు అర్థమైంది. ఆ మనిషిని కళ్లారా చూస్తే, వాడి నోటితో వింటే, కాదనడం అంత సులువు కాదనుకుంది. అందుకే మీటింగు బుధవారమని తెలిసిన రోజునే మాట్లాడేందుకు తమ్ముణ్ణి ఒప్పించింది. ఇప్పుడది మంగళవారమైంది. మంగళవారం పది గంటలకు వాడు పట్నంలో మంచం మీద, చేతికి గొట్టాలతో ఉంటాడు.

పేట చివర నిలబడి డయాలసిస్ సెంటరుకు ఫోన్ చేసింది. రేపటి బదులు ఎల్లుండి వస్తాడు, కుదురుతుందా అని అడిగింది. నర్సు ఒప్పుకోలేదు. బుధవారం ఒక్క మంచం కూడా ఖాళీ లేదని, శనివారం చేయించుకున్న మనిషి మళ్లీ గురువారం దాకా ఆగితే ఐదు రోజులవుతుందని, అంత ప్రమాదం తను నెత్తిన వేసుకోనని, రేపు పంపి తీరాల్సిందేనని చెప్పింది. గిజెలా ఫోను జేబులో పెట్టుకుంది. తరవాత తమ్ముడి ఇంటికి వెళ్లింది.

దేజో పొయ్యి పక్కన కూర్చుని చిన్న కూతురు సబీనా జుట్టు చిక్కు తీస్తున్నాడు. అతని భార్య జానెటా పెనం మీద రొట్టె కాలుస్తోంది.

"రేపు పట్నం మానెయ్యరా," అంది గిజెలా. "నర్సుతో మాట్లాడాను. ఒక్కసారికి ఫర్వాలేదంది. నీళ్లు మాత్రం తక్కువ తాగమంది."

జానెటా రొట్టె తిప్పడం ఆపింది. "నిజంగా అందా వదినా?"

"అంది."

దేజో అక్క మొహంలోకి ఒక క్షణం చూశాడు. సరే అన్నాడు. మళ్లీ దువ్వెన అందుకున్నాడు.

* * *

మీటింగు పేట మొదట్లో ఉన్న పొడుగాటి రేకుల గదిలో. పదింటికి రావాల్సినవాళ్లు పదకొండున్నరకు వచ్చారు, కొండ కింది వంతెన దగ్గర కారు వదిలేసి, బూట్లకు బురద అంటించుకుని. జిల్లా డాక్టరు బెన్కోవా, బీమా ఆఫీసు నుంచి ఒకాయన, ఊరి మేయరు, మీటింగు నడిపే ఆవిడ. అప్పటికి గదిలో నలభై మూడు మంది ఉన్నారు. గిజెలా రెండుసార్లు లెక్కపెట్టింది.

నడిపే ఆవిడ అందరికీ రంగు కాగితాలు పంచింది. ఆరోగ్యం గురించి మీ కల ఏమిటో ఒక్క మాటలో రాయమంది. రాయడం వచ్చినవాళ్లు రాశారు. చాలా కాగితాల మీద "నీళ్లు" అనే ఉంది. ఒక ముసలాయన తన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పేటలోని ముసలివాళ్లు రోమా భాషలో మాట్లాడుతుంటే, గిజెలా స్లొవాక్‌లోకి మార్చి చెబుతోంది. ఈ ఉద్యోగంలో చేరిన ఆరేళ్లలో ఆమెకు ఒక అలవాటు అబ్బింది. ఇటునుంచి వచ్చే మాటకు పదును తీసి అటు అందిస్తుంది. అటునుంచి వచ్చే మాటలోని చిన్నచూపును కడిగి ఇటు అందిస్తుంది. అలా చెయ్యబట్టే ఇన్నాళ్లూ రెండువైపులా తలుపులు తెరుచుకున్నాయని ఆమె నమ్మకం.

ఒక పిల్ల తల్లి తన కాన్పు సంగతి చెప్పింది. కాన్పుల వార్డులో తమవాళ్లందర్నీ చివరి గదిలో వేస్తారని, ఇద్దరేసి ఒక మంచం మీద పడుకున్నారని. డాక్టరమ్మ రాసుకుంది. మరొకాయన దంతాల గురించి చెప్పాడు. అదీ రాసుకుంది. అప్పుడు గిజెలా తమ్ముడి వైపు చూసింది.

దేజో లేవడానికి బల్ల పట్టుకున్నాడు. మొహం అప్పటికే కొంచెం ఉబ్బి ఉంది. స్లొవాక్‌లోనే మాట్లాడాడు, నెమ్మదిగా.

"ఇవాళ నేను ఇక్కడ ఉండకూడదు. పట్నంలో ఉండాలి. మీరు నన్ను చూస్తారని మా అక్క ఆపింది. చూడండి. ఈ కాళ్లతో కొట్టు దాకా దిగడానికి గంటన్నర. వచ్చేటప్పుడు ఎక్కాలి. అక్కడ నా రక్తం శుభ్రం చేసి పంపిస్తారు. ఆ వచ్చిన ఓపిక కాస్తా ఈ కొండెక్కడానికే అయిపోతుంది. తొమ్మిదేళ్లు రోడ్లు వేశానండీ నేను. ఇప్పుడు నాలుగు చక్రాల బండి ఒక్కటి రెండు కిలోమీటర్లు పైకి రావాలి. అంతే నేను అడిగేది."

బీమా ఆఫీసాయన కాగితాలు తిరగేసి, దెజిదెర్‌గారికి బండి ఎప్పుడో మంజూరైందన్నాడు. మంజూరైంది గాని రావడం లేదని దేజో అన్నాడు. ఇంటి నంబరు ఉంటే వస్తుందని ఆయన అన్నాడు. అందరూ మేయరు వైపు చూశారు. అనుమతి లేకుండా కట్టిన ఇంటికి నంబరు ఇస్తే రేపు తన ఉద్యోగం ఊడుతుందని, ఈ నేల ఎవరిదో ముందు తేలాలని మేయరు చెప్పాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఇదే మాట చాలాసార్లు చెప్పి అలిసిపోయినట్టున్నాడు.

ఇర్మా అత్త వెనక వరుసలోంచి లేచింది. "మా తాత ఇక్కడే పుట్టాడు. మా నాన్న ఇక్కడే పోయాడు. పుట్టడానికీ చావడానికీ అక్కర్లేని నంబరు బండికెందుకంట? వీళ్లు మన జబ్బులు వినడానికి రాలేదు, మనం ఇంకా ఎంతమందిమి మిగిలామో చూసిపోదామని వచ్చారు. ఇది కూడా చెప్పు గిజెలా. ఎప్పట్లా పంచదార కలపకు."

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఈసారి మాటకు మాట అలాగే చెప్పింది. చివరి మాటతో సహా.

డాక్టర్ బెన్కోవా పెన్ను కింద పెట్టింది. ఏదో అనబోయింది. ఇంతలో నడిపే ఆవిడ నవ్వుతూ లేచి, మనం సానుకూలంగా మాట్లాడుకుందామని, అందరి బాధా తమకు అర్థమైందని చెప్పి ఒక పసుపుపచ్చ కాగితం తీసి దాని మీద "రవాణా" అని రాసి గోడకు అంటించింది. దేజో చెప్పినదంతా ఆ ఒక్క ముక్కలోకి వెళ్లిపోయింది. తరవాత అందరినీ దగ్గరగా నిలబడమని ఫొటో తీసింది. దేజోను ముందు వరుసలో కుర్చీలో కూర్చోబెట్టింది.

వాళ్లు దిగి వెళ్లిపోయాక జనం ఇళ్లకు మళ్లారు. ఇర్మా అత్త కూడా గిజెలా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని గిజెలాకు అనిపించింది.

* * *

బుధవారం మధ్యాహ్నం జానెటా పెద్ద కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. గిజెలా వెళ్లేసరికి దేజో మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు. పెదాలు నీలంగా మారాయి. పడుకోబెట్టబోతే జానెటా చేతిని తోసేశాడు.

గిజెలా అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఎలా చెప్పాలో ఆమెకు తెలుసు. పేరు, వయసు, డయాలసిస్ రోగి, ఊపిరి అందడం లేదు. అవతలివాళ్లు వంతెన దాకా వస్తామన్నారు. పైకి రమ్మని అడిగింది. బురదలో బండి దిగబడితే ఇంకో రోగికి అందదన్నారు. బతిమాలింది. తర్వాత అరిచింది. తన గొంతు అలా ఉంటుందని ఆమెకే తెలియదు. వంతెన దాకానే అన్నారు.

పక్కింటి గెజా, ఇంకో ముగ్గురు మగవాళ్లు వచ్చారు. పడుకోబెట్టి మోస్తే ఊపిరి ఆగిపోయేలా ఉంది కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా దుప్పటితో నడుముకు కట్టారు. నలుగురూ తలో కాలు పట్టుకుని ఎత్తారు. గిజెలా వెనకనుంచి తమ్ముడి తల పట్టుకుని నడిచింది. జానెటా పిల్లల్ని ఇర్మా అత్తకు అప్పజెప్పి వెనకే వచ్చింది. బాట జారుతోంది. నాలుగడుగులకోసారి ఎవడో ఒకడు మోకాళ్ల మీద పడుతున్నాడు. పడిన ప్రతిసారీ మిగిలిన ముగ్గురూ కుర్చీని గాల్లోనే ఆపుతున్నారు. గెజా బూటొకటి బురదలో ఉండిపోయింది. దాని కోసం ఆగలేదు.

సగం దారిలో ఒక బండరాయి మీద కుర్చీ దించి గుక్క తిప్పుకున్నారు. దేజో అక్క చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"అక్కా. నర్సు ఫర్వాలేదందా?"

అతని తల ఆమె పొట్టకు ఆనుకుని ఉంది. మొహం కనిపించడం లేదు.

"అన్లేదురా," అంది గిజెలా. "రమ్మంది. నేనే అబద్ధం చెప్పాను."

జానెటా మూడడుగుల దూరంలో ఉంది. వింది.

దేజో రెండు మూడు ఊపిర్లు లాక్కున్నాడు. "నాకు తెలుసు," అన్నాడు. "నువ్వు చెప్పినప్పుడే తెలుసు."

"మరెందుకు ఆగావురా?"

"ఒక్కరోజు దిగక్కర్లేదు కదా అని. హాయిగా ఆరింటిదాకా పడుకున్నా అక్కా. ఎన్నాళ్లయిందో."

మళ్లీ ఎత్తారు. వంతెన దగ్గర అంబులెన్సు వాళ్లు మంచం దించి సిద్ధంగా ఉన్నారు. మాస్కు పెట్టి, సూది వేసి, తలుపులు మూశారు. ఒక్కరికే చోటుంది. జానెటా ఎక్కింది. ఎక్కేటప్పుడు గిజెలాను చూడలేదు.

గిజెలా ఊళ్లోకి నడిచి, బస్సు పట్టుకుని సాయంత్రానికి ఆస్పత్రికి చేరింది. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. అప్పటికి దేజోను యంత్రానికి కలిపి నీరంతా తోడుతున్నారు. వయసులో ఉన్న డాక్టరు బయటికొచ్చి, గుండె ఒకసారి ఆగి మళ్లీ కొట్టుకుందని, బతుకుతాడని చెప్పి, నిన్న ఎందుకు రాలేదని అడిగాడు. నేనే రావద్దన్నానని గిజెలా చెప్పింది. ఆయన చూపు ఆమె మెడలో వేలాడుతున్న ఆరోగ్య కార్యకర్త కార్డు మీద పడింది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. గోడ వారగా కూర్చున్న జానెటా అప్పుడు తలెత్తింది.

"నీ మీటింగు కోసం," అంది. ఆ తరవాత చాలా వారాలపాటు అసలు మాట్లాడనే లేదు.

* * *

దేజో పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. గుండె బలహీనపడింది, ఇక కొండ దిగడం, ఎక్కడం కుదరదని తేల్చారు. బండి గుమ్మం దాకా వచ్చే చోట ఉంటేనే ఇంటికి పంపుతామన్నారు.

ఆ పదకొండు రోజులూ గిజెలా తిరిగింది. మేయరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్లింది. బండి కంపెనీ ఆఫీసులో ఒక పూటంతా కూర్చుంది. ఊళ్లో కిరాణా కొట్టు చుట్టుపక్కల ఉన్న ఇరవై రెండు ఇళ్ల తలుపులు తట్టింది. ఒక్క గది, కింది అంతస్తులో, మనిషి ఒక్కడే ఉంటాడని అడిగింది. కొందరు తలుపు తియ్యలేదు. కొందరు కర్టెను పక్కకు జరిపి చూసి వదిలేశారు. ఏటేటా తన తోటలోని మొలకలు గిజెలాకు ఇచ్చే ముసలావిడ మాత్రం గుమ్మంలోకి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వయితే ఇచ్చేదాన్నే తల్లీ. వాడికిస్తే వాడి వెనక ఎంతమంది దిగుతారో చెప్పు? ఈ వీధిలో నేను బతకాలి కదా."

గిజెలా చెయ్యి విడిపించుకుని పక్కింటి గంట నొక్కింది.

చివరికి దారి చూపింది డాక్టర్ బెన్కోవా. ఆవిడే ఫోన్ చేసింది. ఆ రోజు మీటింగు నుంచి వెళ్లాక తను నిద్రపోలేదని, చాలా చోట్ల ప్రయత్నించానని చెప్పింది. పట్నంలో, డయాలసిస్ సెంటరుకు రెండు వీధుల అవతల, ముసలివాళ్లకూ దిక్కులేనివాళ్లకూ ఉన్న ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ అయిందట. బండి అక్కడి గుమ్మంలోకే వస్తుందట. మంచం సంపాదించడానికి ఆవిడకు మూడు రోజులు పట్టింది. బండిని కొండపైకి పంపడానికి మూడేళ్లు చాలలేదు. గిజెలా ఆ మాట అనలేదు. ఆవిడ నిజంగానే ఏడుస్తోంది.

కాగితాలు దేజో మంచం దగ్గరికి తీసుకెళ్లింది గిజెలాయే. అది ఆమె ఉద్యోగం. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించింది. పిల్లలు ఆదివారాలు రావచ్చు, రాత్రి ఉండకూడదు. భార్య ఉండడానికి వీల్లేదు. దేజోకు ముప్పై ఎనిమిదేళ్లు. అతని గదిలో ఉండబోయే రెండో ఆయనకు ఎనభై నాలుగు.

దేజో కాగితం అంతా చదివాడు. అతను అన్నీ చదివే సంతకం పెడతాడు.

"ఎంత తేలిగ్గా అయిపోయిందో చూడక్కా," అన్నాడు. "బండి పైకి రావడం కుదరదు. మనిషిని కిందికి తెచ్చెయ్యడం కుదిరింది. ఇలా ఒక్కొక్కణ్ణీ తెచ్చేస్తే పైన ఇక రోడ్డే అక్కర్లేదు."

సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి అక్క చేతికిచ్చాడు.

ఏప్రిల్‌లో మీటింగు నివేదిక వచ్చింది. గిజెలాకు ఒక ప్రతి పంపారు. హాజరైనవారు నలభై మూడు, చర్చించిన సమస్యలు ఆరు, పరిష్కారమైనవి ఒకటి. లోపల ఫొటో వేశారు. ముందు వరుసలో కుర్చీలో దేజో, ఉబ్బిన మొహంతో, కెమెరాకేసి మర్యాదగా చూస్తున్నాడు. గిజెలా ఆ పేజీని ఎవరికీ చూపించలేదు.

మే నెలలో మళ్లీ ఫోను వచ్చింది. తరవాతి మీటింగు జూన్‌లో, యాభై మందికి తగ్గకుండా ఉండాలని. గిజెలా తాను పిలవనంది. పిలవాలనుకుంటే వాళ్లే పొద్దున్న ఐదున్నరకు కొట్టు దగ్గర దిగి, నడిచి వచ్చి, ఇంటింటికీ తిరిగి పిలుచుకోవాలంది. నడిపే ఆవిడ పైవాళ్లను కనుక్కుని చెబుతానంది. మళ్లీ ఫోన్ చెయ్యలేదు. గిజెలా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేదు. టీకాల రోజులు వస్తూనే ఉన్నాయి. ఆమె తిరుగుతూనే ఉంది.

ఆదివారాలు పట్నం బస్సులో జానెటా ముందు సీట్లో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని కూర్చునేది. గిజెలా వెనక కూర్చునేది. ఆశ్రమంలో కూడా వంతులవారీగా లోపలికి వెళ్లేవారు. దేజో రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. ఒళ్లు అరగదీసే కొండదారి ఇప్పుడు లేదు, కాని పక్కన మాట్లాడే మనిషీ లేడు. పక్క మంచం ముసలాయనకు చెవులు వినపడవు. డయాలసిస్ ఇప్పుడు ఒక్కరోజు కూడా తప్పడం లేదు. పిల్లలు వెళ్లిపోయే వేళకు అతను గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని ఆశ్రమంలో పనిచేసే ఆవిడ చెప్పింది.

జూన్ మూడో ఆదివారం తిరుగు బస్సులో చోటు లేక అందరూ ఒకే వరుసలో ఇరుక్కున్నారు. సబీనా ఏడ్చి ఏడ్చి, ఎవరి ఒళ్లో ఉందో చూసుకోకుండా గిజెలా మీదికి ఒరిగి కళ్లు మూసుకుంది. గిజెలా కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే ఉంచింది. ఊరు వచ్చేస్తోందనగా జానెటా కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"పడుకుందా?"

"పడుకుంది," అంది గిజెలా.

"కొండెక్కేదాకా నువ్వే ఎత్తుకో. నాకు ఓపిక లేదు వదినా."

బస్సు కొట్టు దగ్గర ఆగింది. గిజెలా పిల్లను భుజాన వేసుకుని దిగింది.